సొంతంగ నడిచే కారు: పైసలు కట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

హన్మకొండల కార్ల అద్దాలు బిగించుడు నా పని. "అన్నా, దానంతటదే నడిచే కారు తీస్కోవచ్చా?" అని అడిగేటోళ్లు ఎక్కువైన్రు.

ముందు లెవెల్, అంటే కారు తనంతట తాను ఎంతవరకు నడుస్తదో చెప్పే మెట్టు, అడుగుర్రి. మన షోరూముల దొరికేది లెవెల్ 2. బ్రేకు, స్టీరింగుకు సాయం చేస్తది, డ్రైవరు మాత్రం మీరే. అసలు డ్రైవర్ లేని కారంటే లైడార్ల (లేజర్ వెలుగుతోని చుట్టూ ఉన్నయి కొలిచే సెన్సర్లు) ఖర్చు వేరే. ఒకప్పుడు కప్పు మీద తిరిగే 64 లేజర్ల డబ్బా ఒక్కటే 75,000 డాలర్లు! ఇప్పుడు అగ్గువైనయి గని, మన సంగతి చూద్దాం.

ఒకే మోడల్ల ఈ సాయం ఉన్నదాని, లేనిదాని ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకోర్రి. కారు ధర పెరిగితే లైఫ్ ట్యాక్స్, బీమా గూడ పెరుగుతయి. సన్‌రూఫ్ అసొంటివి కలిపి అంటగడితే అవి తీసేసి లెక్కజూడుర్రి.

ఇగ అద్దం. ఈ సాయం కోసం తొవ్వను చూసే కెమెరా ముందటి గ్లాసుకు లోపల, ఎనుక బండ్లు చూసుకునే మిర్రర్ దగ్గరనే ఉంటది. ముందటి గ్లాసు మారిస్తే కెమెరాను మళ్ల క్యాలిబ్రేషన్ చెయ్యాలె, అంటే దాని చూపు సరిగ్గ ఉండేటట్టు సెట్ చెయ్యాలె. పోయినేడు కంకర లారీ రాయి తగిలి ఒకాయన గ్లాసు పగిలింది. బీమావాళ్లు గ్లాసుకిచ్చిన్రు, క్యాలిబ్రేషన్‌కు నెలరోజులు కొట్లాడిండు. పాలసీ తీసుకునేటప్పుడే రాతల అడుగుర్రి. బంపర్ల రాడార్ (ముందటి బండ్ల దూరం కొలిచే సెన్సర్) ఉంటే దానిదీ అదే కథ.

టెస్ట్ డ్రైవ్ మీరు రోజూ పోయే తొవ్వలనే చెయ్యుర్రి. పత్తి సీజన్ల వరంగల్ ఏనుమాముల మార్కెట్ దిక్కు రోడ్డు మీది గీతలు కనవడయి, ట్రాక్టర్లే. ఆడ నేనైతే ఈ సాయం ఆఫ్ చేస్త. వారం వారం హైదరాబాద్ హైవే ఎక్కేటోళ్లకైతే కొనుమనే చెప్త.