సంక్రాంతికి బయల్దేరే ముందు కారులో పాటలు ఆపి ఒకసారి వినండి

పండగ ఇంకా పది రోజులుందనగా బట్టలు, సెలవులు, పిండివంటలు అన్నీ చూసుకుంటాం. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం గాలి కొట్టించి, ట్యాంకు నింపి, అయిపోయిందనుకుంటాం. రెండు నెలలుగా ముందు చక్రం దగ్గర వస్తున్న చప్పుడు సంగతి "వచ్చాక చూపిద్దాంలే". దయచేసి ఈసారి అలా వదిలేయకండి. ఆఫీసుకెళ్లి వచ్చే కారు వేరు, ఐదుగురిని ఎక్కించుకుని డిక్కీ నిండా సామానుతో హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా 270 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తాల్సిన కారు వేరు.

మూడేళ్ల కిందట మా కారు అరవై దాటితే చాలు, గుయ్‌మని రొద పెట్టేది. టైర్లు పాతవి కదా, వాటి శబ్దమే అనుకుని పాటల సౌండ్ పెంచుకుని నడిపాను. భోగికి ముందురోజు తెల్లవారుజామునే బయల్దేరాం. సూర్యాపేట దాటాక వెనక సీట్లోంచి అమ్మ "ఏదో మాడుతున్న వాసన వస్తోందిరా, ఆపు" అంది. దిగి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి, రిమ్ము మధ్యలోంచి గ్రీజు కరిగి నల్లగా కారుతోంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ ఊగింది. బేరింగ్ (చక్రం ఊగకుండా నున్నగా తిరిగేలా చూసే భాగం) పోయింది. చిన్నపిల్లల్ని పొగమంచులో రోడ్డు పక్కన నిలబెట్టిన ఆ రెండు గంటలూ నాకు ఇంకా గుర్తే. అమ్మ ఆ కారెక్కి రెండు మూడు గంటలే అయింది, రోజూ నడిపే నా చెవికి మాత్రం ఆ రొద అలవాటైపోయింది. అందుకే మీ కారులో ఎప్పుడూ ఎక్కనివాళ్లని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకోండి.

పండక్కి కనీసం వారం ముందు ఒక సాయంత్రం పాటలు, ఏసీ ఆపేసి, అద్దాలు దించి ఖాళీ రోడ్డు మీద నడపండి. రొద వేగంతో పాటు పెరుగుతూ, స్టీరింగ్ కొద్దిగా కుడికి తిప్పినప్పుడు ఇంకా ఎక్కువైతే సాధారణంగా ఎడమ బేరింగ్, ఎడమకి తిప్పినప్పుడు ఎక్కువైతే కుడి బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించినప్పుడు కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే కడ్డీ) జాయింట్ చూపించాలి, చాలాసార్లు దాని మీది రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి పోయి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు బ్రేకులు. బ్రేకు తొక్కితే కీచుమంటోందంటే దుమ్ము అని సరిపెట్టుకోకండి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని నొక్కి ఆపే దిమ్మలు ప్యాడ్లు. చాలా ప్యాడ్లకి ఒక సన్నటి రేకు ఉంటుంది, ప్యాడ్ అరిగి చివరికొచ్చాక అది డిస్కుకి తగిలి అరవాలనే పెడతారు. దాన్ని పట్టించుకోకపోతే కొన్నాళ్లకి కీచు పోయి గరగర మొదలవుతుంది, అంటే ఇనుము ఇనుమునే తింటోంది, ప్యాడ్లతో పోయేది డిస్కు దాకా వస్తుంది. డిస్కు చల్లబడ్డాక దాని మీద గోరుతో గీసి చూడండి, గాడులు తగిలితే మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. తొక్కినప్పుడు మాత్రమే పెడల్, స్టీరింగ్ అదురుతుంటే డిస్కు సమంగా లేదని అనుమానించాలి. పండగయ్యాక తిరుమలో అరకో వెళ్లే ఆలోచన ఉంటే ఇది ఇంకా ముఖ్యం, ఘాట్ దిగేటప్పుడు చిన్న గేర్లో దిగాలి, బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బాగున్న ప్యాడ్లు కూడా వేడెక్కి పట్టు తప్పుతాయి.

ఇక వణుకు. ఎనభై, తొంభై దగ్గర స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాల బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం), సీటు వణికితే వెనక చక్రాలు చూడాలి. ఐతే ఒక్క మాట గట్టిగా చెప్తాను, టైరు మార్పించిన వెంటనే వణుకు మొదలైతే బ్యాలెన్సింగ్ అనుకోకండి, నట్లు వదులై ఉండొచ్చు, అక్కడే పక్కకి ఆపి స్పానర్ వేసి చూడండి. టైరు లోపలి గోడ (కారు కిందవైపు ఉండేది) కూడా చేత్తో తడమండి, గుంతలో పడ్డప్పుడు వచ్చిన ఉబ్బు అక్కడుంటే పైనుంచి కనపడదు, అలాంటి టైరుతో హైవే ఎక్కకూడదు. టైరు ఎంత పాతదో తెలియడానికి దాని మీద నాలుగంకెల కోడ్ కూడా చూడండి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే ఇంటి దాకా వెళ్దామనుకోకుండా ఇంజిన్ ఆపేయండి. ఇంజిన్ కుదుపుతూ చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటున్నా అంతే.

మెకానిక్‌కి "ఏదో సౌండ్ వస్తోంది" అని చెప్పి కారు వదిలి రాకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వినిపించండి. ఎంత స్పీడులో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, బ్రేకు తొక్కితేనా అన్నది చెప్పండి. కుదరకపోతే ఫోన్లో రికార్డు చేయండి. "ఏం కాదు, నడిపేయండి" అంటే జాకీ ఎత్తి చక్రం ఊపి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. భోగి రోజుకి స్పేర్‌పార్ట్స్ షాపులు చాలావరకు మూసేస్తారు, మెకానిక్కులూ ఊళ్లకెళ్తారు.

దారిలో కొత్త చప్పుడు మొదలైతే వచ్చే టోల్ దాకా లాగకండి. ఇండికేటర్లు నాలుగూ వేసి, బాగా ఎడమకి తీసి ఆపండి. అందరూ ఎడమ వైపు నుంచే దిగి రోడ్డుకి దూరంగా, కంచె ఉంటే దాని అవతల నిలబడండి, పొగమంచులో ఆగిన కారు లోపల కూర్చోవడం చాలా ప్రమాదం. త్రికోణం బోర్డు వెనక దూరంగా పెట్టండి. జాతీయ రహదారుల సాయం నంబరు 1033, ఇవాళే ఫోన్లో పెట్టుకోండి.