మోటర్‌హోమ్‌తో హైదరాబాద్‌లో ఆగారా? వచ్చే సమస్యలు, పరిష్కారాలు

హైవే మీద నడుస్తున్నంతసేపు ఈ ఇల్లులాంటి బండి బాగానే ఉంటది, సిటీలో ఆపి రెండు రోజులు ఉందామనుకున్నప్పుడే లోపాలన్నీ బయటపడతయ్. అదీ ఏప్రిల్, మే ఎండల్లో అయితే ఇంకా ఎక్కువ.

సమస్య: విజయవాడ నుంచి అంతసేపు నడుపుకుంటూ వచ్చినా తెల్లారేసరికి లోపల లైట్లు మసక, ఫ్యాన్ తిరగనంటది.

కారణం: లైట్లు, ఫ్యాన్ నడిపే లోపలి బ్యాటరీ (ఇంజన్‌ది వేరు) పోయిందని వెంటనే కొత్తది కొనేయకండి, చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, ఇంజన్ నుంచి ఛార్జింగే దానిదాకా రాదు. ఇంజన్ ఆపిన కొన్ని గంటల తర్వాత, ఏదీ ఆన్‌లో లేనప్పుడు లోపలి బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. మామూలు లెడ్ యాసిడ్ అయితే 12.6 వోల్టుల పైన ఫుల్లు, 12.2 అంటే సగం ఖాళీ (లిథియంకి ఈ లెక్క పనికిరాదు). ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి చూస్తే రీడింగ్ 13.5 దాటాలి, కదలకపోతే ఛార్జింగ్ రావట్లేదన్నట్టే.

పరిష్కారం: ముందు బ్యాటరీ దగ్గరున్న ఫ్యూజ్, తర్వాత ఎర్త్ వైరు బోల్టు, ఆ తర్వాత రిలే (ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనీ కలిపే స్విచ్చు) చూడండి. బోల్టు చుట్టూ తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే విప్పి, గీకి శుభ్రం చేసి గట్టిగా బిగిస్తే సగం కేసులు అక్కడే తేలిపోతయ్. బీఎస్6 బండి అయితే ఇంకో సంగతి, చాలా వాటిలో ఆల్టర్నేటర్ తనంతట తనే వోల్టేజీ తగ్గించుకుంటది కాబట్టి ఆ వోల్టేజీని పెంచి లోపలి బ్యాటరీకి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించాల్సిందే.

సమస్య: రాత్రి ఏసీ గంట కూడా నడవకుండానే ఇన్వర్టర్ కట్.

ఒక టన్ను ఏసీ దాదాపు 1000 వాట్లు లాగుతది, 12 వోల్టుల మీద అది 90 ఆంపియర్ల దాకా వస్తది, 200 ఏహెచ్ (200 ఆంపియర్లు గంటసేపు ఇచ్చేంత) లెడ్ యాసిడ్‌లో సగమే వాడాలి కాబట్టి గంట గగనమే, ఇందులో రిపేర్ చేయడానికేం లేదు. కరెంటు ప్లగ్ ఇచ్చే చోటే రాత్రికి ఆగండి, 16 ఆంపియర్ల సాకెట్టే అడగండి. ఇంట్లో వాడే సన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు అస్సలు వద్దు. పది నిమిషాలకి ప్లగ్ ముట్టుకుని చూడండి, వేడెక్కితే ఆ క్షణమే ఆపేయండి, నిప్పు అంటుకునేది ఇలాగే.

సమస్య: మ్యాప్ చూపించిన దారిలో పోతే ముందు తక్కువ ఎత్తు రైల్వే అండర్‌పాస్, వెనక హారన్లు.

ఫోన్ మ్యాప్‌కి మీ బండి ఎత్తు తెలీదు. నేల నుంచి పైన ఏసీ డబ్బా దాకా టేపుతో కొలిచి డ్యాష్‌బోర్డు మీద రాసి అతికించండి. అసలు నా మాట వింటే సిటీ లోపలికి బండి తేవొద్దు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నది చుట్టూ తిరిగి రావడానికే. విజయవాడ వైపు నుంచి వస్తే పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్ దగ్గర్లో ఎక్కడైనా పెట్టేసి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కండి, ఎంజీబీఎస్‌లో దిగి చార్మినార్‌కి ఆటో. ముంబై హైవే వాళ్లకి మియాపూర్ మెట్రో. పాతబస్తీ గల్లీల్లో అంత పెద్ద బండి తిప్పడం మీకూ నరకం, అక్కడుండే వాళ్లకీ నరకమే.

సమస్య: బాత్రూంలో కంపు.

కుదుపులకి, ఎండకి డ్రెయిన్ కింద వంపులో నిలవాల్సిన నీళ్లు పోతయ్, ట్యాంకు వాసన పైకి వస్తది. మగ్గుడు నీళ్లు పోస్తే చాలు. తగ్గకపోతే ట్యాంకు ఖాళీ చేయాలి, కానీ దయచేసి రోడ్డు పక్కనో చెరువులోనో వదలకండి, ఆగిన చోట వాళ్లనే అడిగి డ్రైనేజీలో కలపండి.