సైటు వచ్చిన పిల్లలకి తిండి ఎలా పెట్టాలి?

పిల్లకి సైటు వచ్చిందని తెలిసిన మర్నాటి నుంచే ఇంట్లో మిక్సీ మోత మొదలవుతుంది. రోజూ పొద్దున్నే గ్లాసుడు క్యారెట్ జ్యూసు. మా మరిది వాళ్లబ్బాయికి నాలుగు నెలలు ఇలాగే పట్టించారు. వాడి అరచేతులు పసుపు రంగుకి తిరిగాయి. "కామెర్లేమో వదినా" అని ఒకటే టెన్షన్. కామెర్లయితే కంట్లో తెల్లభాగం కూడా పచ్చబడుతుంది, వాడికి తెల్లగానే ఉంది. ఒంట్లో చేరింది క్యారెట్ రంగే, జ్యూసు ఆపాక పోయింది. కళ్లజోడు నంబరు మాత్రం అంగుళం కదల్లేదు.

కదలదు కూడా. సైటంటే కనుగుడ్డు ఉండాల్సినదానికంటే పొడుగ్గా సాగడం. దూరంగా ఉన్నవాటి బొమ్మ కంటి వెనక తెర, అంటే రెటీనా మీద పడకుండా ముందే ఆగిపోతుంది. సాగిన గుడ్డుని ఏ కూరా కుదించలేదు. విటమిన్ ఎ తక్కువైతే వచ్చేది రేచీకటి, అది వేరే జబ్బు. దానికోసమే మన దేశంలో 1970లో చిన్నపిల్లలకి విటమిన్ ఎ మందు పోయడం మొదలుపెట్టారు. దాని వెనక హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. క్యారెట్ గొప్పంతా అక్కడిదే.

ముందు కంటి పరీక్ష చేయించండి. చుక్కల మందు వేసి చూసే చోటికే వెళ్లండి. చుక్కలు లేకుండా చూస్తే పిల్లల్లో మైనస్ నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు.

వంట సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. మునగాకో తోటకూరో పప్పులోనే వేయాలి. వేపుడు చేస్తే ఏరి పక్కన పెడతారు. పైన చెంచాడు నెయ్యి తప్పదు, కొవ్వు తోడు లేకపోతే ఆకులోని సత్తువ సరిగా ఒంటబట్టదు. రోజుకో గుడ్డు, తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు చేప. మైదా, పంచదార వల్లే సైటు వస్తుందన్న వాదన ఇరవై ఏళ్లుగా నడుస్తోంది, ఇంకా తేలలేదు. బిస్కట్లు నేనూ పెట్టను, అది పళ్ల కోసం.

ఇక సాయంత్రం డబ్బా. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

బడి నుంచి రాగానే తినడానికి ఇంట్లో పెట్టకండి. పెట్టారా, అయిపోయింది. సోఫాలో కూలబడుతుంది, ఒళ్లో ప్లేటు, ముఖానికి జానెడు దూరంలో ఫోను. తిండి అయ్యాక కూడా లేవదు, లేచేసరికి ట్యూషన్ టైము. బ్యాగు పడేసి, కాళ్లూ చేతులూ కడుక్కుని, డబ్బా పట్టుకుని కిందకి దిగాలి. ఆకలిగా ఉన్న పిల్ల డబ్బా ఎటుపోతే అటు వస్తుంది, బతిమాలక్కర్లేదు.

డబ్బాలో చెంచా అక్కర్లేని తిండే ఉండాలి. ఉడికించిన శనగలు, వేయించిన అటుకులు, ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు. ఉప్మా, నూడుల్స్ పెడితే పావుగంట దానికే పోతుంది. నములుతూ పరుగెత్తనివ్వకండి, పొలమారుతుంది.

ఎందుకింత పట్టుదల అంటే వెలుతురు కోసం. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద వెలుతురు కొన్ని వందల లక్సులు (లక్స్ అంటే వెలుతురుకి కొలత). పగలు బయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకి రెటీనాలో డోపమిన్ అనే రసాయనం పెరిగి కనుగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని పరిశోధకుల అంచనా. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకి బడి రోజుల్లో 40 నిమిషాలు అదనంగా బయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్లలో వాళ్లలో 30 శాతం మందికి కొత్తగా సైటు వచ్చింది, మిగతా బళ్లలో అయితే 39 శాతం దాటింది. ఇంకా సైటు రాని తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ దీని లాభం ఎక్కువ, వాళ్లనీ దింపండి.

బాల్కనీ చాలదా అని అడుగుతారు. చాలదు. పైన కప్పు, పక్కన గోడలు, రెండడుగుల్లో ఫోను. కిందకి దిగేటప్పుడు మీ ఫోను కూడా పైనే వదిలేయండి. మీరు బెంచీ మీద రీల్స్ చూస్తుంటే పిల్ల వచ్చి మీ భుజం మీద వాలుతుంది. డిసెంబరులో ఆరు దాటితే చీకటి, ఐదున్నరకి దిగి లాభం లేదు. నాలుగున్నరకల్లా దిగాలి, ట్యూషన్ ఆరున్నరకి జరపమని అడగండి. మే నెల ఎండల్లో ఈ డబ్బాని పొద్దున ఏడింటికి మార్చండి, ఏ వేపచెట్టు కిందో.

ఆటలో కళ్లజోడు తీయించకండి. పెట్టుకోకపోతే నంబరు తగ్గుతుందనేది ఒట్టి మాట. పడిపోకుండా వెనక ఎలాస్టిక్ తాడు కట్టండి. మా చిన్నదానివి రెండు ఫ్రేములు విరిగాక గానీ నాకా ఆలోచన తట్టలేదు.