లారీ పర్మిట్ సస్పెండ్ చేశారా? అప్పీలుకు ఇలా వెళ్లండి

మాకు మూడు లారీలు. లోడు, రోడ్డు మా ఆయన చూసుకుంటారు. కాయితాలు, కిస్తీలు, డ్రైవర్ల లెక్కలు నావి. రెండేళ్ల కిందట యాసంగి వడ్ల సీజన్‌లో, పరకాల దిక్కు వడ్ల కొనుగోలు సెంటర్ నుంచి మిల్లుకు పోతున్న మా పది టైర్ల బండిని తనిఖీలో ఆపారు. ఆ బండికి సరుకుతో కలిపి 28.5 టన్నులే హద్దు. కాంటా పెడితే 3 టన్నులు ఎక్కువ తేలింది, అంటే 40 కిలోల బస్తాలు 75. వాన వచ్చేట్టుందని సెంటర్‌లో అన్నీ ఎక్కించారు, మా డ్రైవర్ వద్దనలేదు. తప్పు మాదే. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20 వేలు, ఎక్కువైన టన్నుకు 2 వేల చొప్పున 6 వేలు, మొత్తం 26 వేలు కట్టి, ఆ బస్తాలు వేరే బండిలోకి మార్చాకే కదలనిచ్చారు. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

రెండు నెలల తర్వాత రవాణా ఆఫీసు నుంచి పోస్టులో ఆర్డర్ వచ్చింది. పర్మిట్ మూడు నెలలు సస్పెండ్. ఆ బండి మీద నెలనెలా కిస్తీ ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. అలాంటి ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొట్టమొదట కవరు పారేయకండి. గడువు ఆర్డర్ మీకు అందిన రోజు నుంచి లెక్క, అందిన రోజుకు సాక్ష్యం ఆ కవరు మీది ముద్రే. ఏజెంట్‌కు ఫోన్ చేసే ముందు ఆర్డర్‌ను మీరే రెండుసార్లు చదవండి. చూడాల్సింది సెక్షన్ నంబర్. 86 అని ఉంటే సస్పెండ్ అయింది పర్మిట్. దాని మీద 89 సెక్షన్ కింద హైదరాబాద్‌లోని రాష్ట్ర రవాణా అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ కూర్చునేది జిల్లా జడ్జి స్థాయికి తగ్గని న్యాయాధికారి. 53 అని ఉంటే సస్పెండ్ అయింది ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్. దానికి తలుపు వేరు: 57 సెక్షన్ కింద, ఆర్డర్ అందిన 30 రోజుల్లో, రవాణా శాఖలోని పై అధికారికి అప్పీలు. మాకు తెలిసిన ఒక ఓనర్ ఈ తేడా గమనించక, పోకూడని చోట పిటిషన్ వేసి నెల పోగొట్టుకున్నాడు.

నేరుగా హైకోర్టుకు పోదామని మా బావగారు అన్నారు. అప్పీలు దారి ఉన్నప్పుడు మామూలుగా ముందు అక్కడికే వెళ్లమంటుంది హైకోర్టు. అసలు మన మాట వినకుండానే ఆర్డర్ ఇచ్చినా, ఇచ్చినవాళ్లకు ఆ అధికారమే లేకపోయినా మాత్రం నేరుగా హైకోర్టులోనే రిట్ పిటిషన్ వేయవచ్చని 1998లో వర్ల్‌పూల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసు అంత తేటగా లేదు. సస్పెండ్ చేసే ముందు వివరణ అడుగుతూ నోటీసు పంపారు, కానీ కరీమాబాద్‌లోని మా పాత ఇంటికి. మేం హనుమకొండకు మారి ఏడాదైనా ఆర్‌సీలో అడ్రస్ మార్పించలేదు. 30 రోజుల్లో చెప్పాలని చట్టంలోనే ఉంది. కాబట్టి నోటీసు అందలేదన్న ఒక్క మాట మీద మేం నిలబడలేకపోయాం.

మమ్మల్ని నిలబెట్టింది ఆర్డరే. సస్పెండ్ చేస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 86 సెక్షన్ అంటుంది. మా ఆర్డర్‌లో 'వివరణ అందలేదు, షరతులు ఉల్లంఘించారు' అని తప్ప ఏ షరతో లేదు, మూడు నెలలు ఎందుకో లేదు. మా వకీలు పెన్సిల్‌తో ఆ వాక్యం కింద గీత గీసి, 'అమ్మా, మన కేసంతా ఇదే' అన్నారు. విచారణకు వచ్చేసరికి రవాణా ఆఫీసు వాళ్లు జవాబుగా వేసిన కౌంటర్ అఫిడవిట్‌లో కొత్త మాట కనిపించింది: ఈ బండి అంతకుముందు కూడా దొరికిందట. ఆర్డర్‌లో రాయని కారణాన్ని తర్వాత అఫిడవిట్‌లో చేర్చలేరని 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో వచ్చిన తీర్పును మా వకీలు చూపించారు. అందుకే చెబుతున్నాను, అప్పీలులో మన కష్టాలు పేజీలకు పేజీలు రాసుకోవడం కంటే ఆర్డర్‌లో ఏముంది, ఏం లేదు అన్నది ముందు రాయించండి. ఫైన్ కట్టేశాం కదా అన్న మాట కూడా రాయించండి కానీ, దాని మీదే భారం వేయకండి.

అప్పీలు పర్మిట్ ఎవరి పేరున ఉంటే వాళ్లే వేయాలి. మాది ఆయన పేరున ఉంది, సంతకాల కోసం విజయవాడ ట్రిప్పు నుంచి వెనక్కి పిలిపించాను. ఆర్డర్, కవరు, తనిఖీ రిపోర్టు, ఫైన్ రసీదు, కాంటా చీటీ, ట్రక్ షీటు (లోడుతో పాటు సెంటర్‌లో ఇచ్చే కాయితం), ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ రసీదు, అన్నీ రెండేసి సెట్లు పెట్టుకోండి. అప్పీలుతో పాటే, తీర్పు వచ్చేదాకా సస్పెన్షన్‌ను ఆపమని అడిగే స్టే పిటిషన్ వేయించండి. అందులో మాత్రం కిస్తీ కాయితం, డ్రైవర్ల జీతాల లెక్క జత చేయండి, ఎందుకంటే స్టే ఇవ్వకపోతే మనకేం నష్టమో అక్కడ చూపాలి.

స్టే వచ్చేదాకా బండి తీయకండి. ఒక్క ట్రిప్పేగా అనిపిస్తుంది, మాకూ అనిపించింది. పర్మిట్ లేకుండా నడిపితే 192ఏ సెక్షన్ కింద 10 వేల ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ పరిహారం మన దగ్గరే వసూలు చేసుకునే ప్రమాదముంది. మా బండి పందొమ్మిది రోజులు ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబడింది.

వాయిదాలకు కాజీపేటలో పొద్దున రైలెక్కి వెళ్లేవాళ్లం. మూడో వాయిదాకు ఆర్డర్ రద్దు చేసి, మా వివరణ విని మళ్లీ నిర్ణయించమని రవాణా ఆఫీసుకే వెనక్కి పంపారు. కేసు గెలిచినట్టు కాదు, మా మాట చెప్పుకునే చోటు దొరికినట్టు. ఈసారి మా ఆయనే వెళ్లి తప్పు ఒప్పుకున్నారు. 86(5) కింద సస్పెన్షన్‌కు బదులు ఆఫీసుకూ మనకూ ఒప్పుదలైన సొమ్ము కట్టే వీలుంది, మేం అలాగే కట్టాం. అది ముందే తెలిసుంటే నోటీసు దశలోనే అడిగేవాళ్లం. మీరు అడగండి.

డబ్బు కట్టగానే లోడుకు పోకండి. ఆన్‌లైన్‌లో పర్మిట్ మీద సస్పెన్షన్ తీసేశారో లేదో చూసుకోండి, తీయకపోతే ఆర్డర్ కాపీతో ఆఫీసుకు వెళ్లి తీయించండి. మాకు దానికే ఇంకో నాలుగు రోజులు పట్టింది. అదే కౌంటర్‌లో అడ్రస్ మార్పు దరఖాస్తు కూడా ఇచ్చి వచ్చాను.