కడుపు కబుర్లు - నిజం తేల్చుకోవడం (4వ పాఠం: రుజువును పరీక్షించడం)

గత పాఠంలో చెప్పేవారి అర్హతను చూడడం నేర్చుకున్నాం. ఈసారి మనిషిని పక్కనపెట్టి, ఆయన చూపించే రుజువును పట్టుకుందాం.

వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న చిట్కా ఒకటి ఉంది: పిత్తాశయంలోని (కాలేయం కింద పిత్తరసం నిల్వ ఉండే సంచి, గాల్‌బ్లాడర్) రాళ్లు ఒక్క రాత్రిలో పడిపోతాయట. పగలంతా యాపిల్ రసం, రాత్రికి ఆలివ్ నూనె, నిమ్మరసం. తెల్లవారేసరికి మలంలో బఠానీగింజల్లాంటి ఆకుపచ్చని ఉండలు! వాటిని కడిగి పళ్లెంలో పోసి చూపిస్తారు. కళ్లారా చూసి నమ్మినవారిని నేను తప్పుపట్టను. అయితే ఒక్క ప్రశ్న వేయాలి: ఆ ఉండలో ఏముంది?

న్యూజిలాండ్ వైద్యులు అదే తేల్చి, 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఒక మహిళ 600 మి.లీ. ఆలివ్ నూనె, 300 మి.లీ. నిమ్మరసం తాగి, పడిన ఉండలను ఫ్రీజర్‌లో దాచి తెచ్చారు. పిత్తాశయపు రాళ్లలో ఉండే పదార్థాలేవీ వాటిలో కనిపించలేదు: కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ (పిత్తరసంలోని పసుపు రంగు పదార్థం) లేదు, కాల్షియమూ లేదు. 40 డిగ్రీల వేడికి పది నిమిషాల్లో కరిగి ఆకుపచ్చని నూనెగా మారాయి. పిత్తాశయపు రాయి అంత వేడికి కరగదు. ఆమె తాగిన నూనే కడుపులో సబ్బులా ఉండకట్టిందన్నమాట. అసలు రాళ్లను తర్వాత ఆపరేషన్ చేసి తీశారు.

మూత్రపిండాల్లోని చిన్న రాళ్లు మూత్రంలో పడిపోవడం నిజమే. ఆ అనుభవమే ఈ చిట్కాను నమ్మిస్తుంది. కానీ పిత్తాశయం నుంచి కదిలిన రాయి నాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమం (పాంక్రియాస్) వాచి ప్రాణం మీదికి రావచ్చు. కుడి డొక్కలో నొప్పితోపాటు జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. నూనె తాగి తెల్లవారేదాకా ఆగవద్దు.

కాబట్టి రాళ్లు పడ్డాయని ఎవరైనా అంటే, ముందు తీసిన స్కానింగ్, తర్వాత తీసిన స్కానింగ్, రెండూ అడగండి. పళ్లెంలోని ఉండలు వాటికి బదులు కావు.

అభ్యాసం: పేగులకు ఏళ్లుగా అంటుకున్న మలం బయటపడిందంటూ, పొడి కలిపిన నీళ్లు తాగినవారు తాడులాంటి జిగురు పదార్థాన్ని చూపించే వీడియోలు ఉన్నాయి. అలాంటి పొడి పొట్లం మీద ఏమేమి కలిపారో చదవండి. ఇసబ్‌గోల్ పేరు కనిపిస్తే, ఒక చెంచాడు ఇసబ్‌గోల్‌ను అరగ్లాసు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వేళ్లతో పైకి తీసి చూడండి. చూసింది నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.