హైదరాబాద్‌లో చుట్టాలింటికా? పిల్లర్ నంబరు అడగండి

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్తుంటే, ఫ్లాట్ నంబరుతో పాటు దగ్గర్లోని మెట్రో పిల్లర్ నంబరు కూడా అడిగి రాసుకోండి. కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్ వైపు మెట్రో స్తంభాలకు నంబర్లుంటాయి. ఆటో అతనికైనా డెలివరీ కుర్రాడికైనా అదే అసలు అడ్రసు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అనే పొడవాటి ఫ్లైఓవర్ పక్కన ఉండే అత్తాపూర్ వాళ్లూ అంతే, పిల్లర్ లెక్కే చెబుతారు.

పోయినసారి మా పిన్ని వాళ్లింటికి వెళ్లినప్పుడు నాకీ సంగతి తెలియదు. సాయంత్రం అలా నడిచొద్దామని బయల్దేరి దారి తప్పాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. అపార్ట్‌మెంట్ పేరులో ‘సాయి’ ఉందన్నది ఒక్కటే గుర్తు. ఒక వాచ్‌మన్‌ని అడిగితే, "ఏ సాయి సార్? ఈ రోడ్డులోనే మూడున్నాయి" అన్నాడు.

అందుకే, చేరిన మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్లకు వెళ్లే బాబాయి వెంట మీరూ వెళ్లండి. పిల్లర్ దగ్గర్నుంచి ఎన్ని మలుపులో, మూల మీద ఏముందో చూసుకోండి. ఇస్త్రీ బండి ఉంటే ఇంకా మంచిది. ఏ ఫ్లాట్లో ఎవరుంటారో కూడా అతనికి తెలుస్తుంది!

ఇల్లు మెయిన్ రోడ్డుకి ఏ వైపో కూడా అడగండి. మెట్రో స్టేషన్ మెట్లు రెండు వైపులా ఉంటాయి. తప్పు వైపు దిగితే మళ్లీ మెట్లెక్కి స్టేషన్ మీదుగానే అవతలికి రండి, కింద ఆ ట్రాఫిక్‌లో దాటే సాహసం మాత్రం వద్దు.