బ్రిడ్జ్‌లో మంచి ముక్కలు పడినప్పుడు ఏ బిడ్ చెప్పాలి?

ఇస్పేటులో ఆసు, రాజు, రాణి, జాకీ, 9, 8, 7. ఆఠీనులో ఆసు, రాజు, 5. డైమనులో ఒంటిగా 4. కళావరులో ఆసు, 6. కాంట్రాక్ట్ బ్రిడ్జ్ నేర్చుకుంటున్న తొలి రోజుల్లో నాకు ఈ పదమూడు ముక్కలు పడ్డాయి. ఇస్పేటు తురుపు అయితే ఆ రంగులోనే ఏడు పట్లు, ఆఠీనులో రెండు, కళావరులో ఒకటి, మొత్తం పది పట్లు నా చేతిలోనే ఉన్నాయి కనుక ఇక ఆలస్యమెందుకని ఏకంగా 4 ఇస్పేటు (మొదటి ఆరు పట్ల మీద మరో నాలుగు, అంటే ఇస్పేటు తురుపుగా పది పట్లు చేస్తామన్న మాట) అన్నాను. ఎదుట కూర్చున్న భాగస్వామి దగ్గర ఇస్పేటులో మూడు చిన్న ముక్కలు, ఆఠీను రాణి, డైమను ఆసు ఉన్నాయి. ఆయన పాస్ అన్నారు. ఆట ముగిసేసరికి పన్నెండు పట్లు వచ్చాయి. మేము పాడింది పదికి. తప్పు ఆయనది కాదు. మొదటి బిడ్‌లోనే 4కు ఎగిరితే, పొడుగాటి రంగు ఒకటి ఉంది, పాయింట్లు అంతంత మాత్రమే, ఎదుటి జట్టుకు అడ్డం పడుతున్నాను అని అర్థం. నా భాగస్వామి నా మాటను నమ్మారు, అంతే.

పాడిన మేరకే ఫలితం దక్కడం ఈ ఆటకు ప్రాణం. దీనికి ముందున్న ఆక్షన్ బ్రిడ్జ్‌లో తక్కువకు పాడినా, వచ్చిన పట్లన్నీ గేమ్ (పెద్ద బోనస్ దక్కే స్కోరు హద్దు) లెక్కలోకి చేరేవి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ రూపొందించిన స్కోరింగ్ పద్ధతితో, ఎన్ని పట్లు చేస్తామని మాట ఇచ్చామో అన్నే గేమ్‌కు లెక్కకు రావడం మొదలైంది. అందుకే బలమైన ముక్కలతో బిడ్ ఎంచుకోవడం పాయింట్లు కూడుకున్నంత సులువు కాదు. ఈ వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: మొదటి బిడ్ నోటి నుంచి రాకముందే, భాగస్వామి జవాబు చెప్పాక మీరు చెప్పబోయే రెండో బిడ్ ఏదో నిర్ణయించుకుని ఉండాలి.

ఇక్కడ ఇచ్చిన అంకెలు, ఇస్పేటు, ఆఠీను రంగులను కనీసం ఐదు ముక్కలతోనే మొదలుపెట్టే అమెరికన్ పద్ధతివి. బ్రిటన్‌లో పుట్టిన ఎకాల్ పద్ధతిలో ఈ హద్దులు కొంత మారతాయి. ప్రెసిషన్ పద్ధతిలోనైతే 16 పాయింట్లు, ఆ పైన ఉన్న చేయి ఏదైనా సాధారణంగా 1 కళావరుతోనే మొదలవుతుంది. బల్ల దగ్గర కూర్చోకముందే ఏ పద్ధతో భాగస్వామితో తేల్చుకోండి.

పాయింట్లతో పాటు పట్లు కూడా లెక్కించండి

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అన్న లెక్క అందరికీ తెలిసిందే. పేక మొత్తంలో 40 పాయింట్లు. నలుగురు పంచుకుంటే తలా పది. ఇద్దరు భాగస్వాముల దగ్గర కలిపి 25 లేదా 26 ఉంటే గేమ్‌కు, 33 ఉంటే స్మాల్ స్లామ్‌కు (పన్నెండు పట్లు), 37 ఉంటే గ్రాండ్ స్లామ్‌కు (పదమూడూ) ఆశపడవచ్చు. అయితే ఈ లెక్క బాగా పనికొచ్చేది ముక్కలు నాలుగు రంగులలోనూ దాదాపు సమంగా పడినప్పుడే. పొడుగాటి రంగు ఉన్నప్పుడు, తురుపు మీ ఇష్టప్రకారం కుదిరితే భాగస్వామి సాయం లేకుండా ఎన్ని పట్లు వస్తాయో కూడా లెక్కపెట్టాలి. పైన చెప్పిన నా చేతిలో పాయింట్లు 21 మాత్రమే, పట్లు పది. అదే 21 పాయింట్లు రాజులు, రాణులు, జాకీల రూపంలో చెల్లాచెదురుగా ఉంటే, సొంతంగా ఆరు పట్లు రావడం కూడా గగనమే.

ముక్కలు సమంగా పడితే నో ట్రంప్ మెట్లు ఎక్కండి

సమంగా అంటే ఏ రంగులోనూ ఒంటి ముక్క గానీ, అసలు లేకపోవడం గానీ ఉండదు. రెండే ముక్కలున్న రంగు ఒకటికి మించదు. ఇలాంటి చేతికి బిడ్ ఎంచుకోవడం దాదాపు కొలబద్ద పెట్టి కొలవడమే. ఇస్పేటులో రాజు, జాకీ, 6. ఆఠీనులో ఆసు, రాణి, 4. డైమనులో ఆసు, రాజు, 9, 3. కళావరులో జాకీ, 7, 5 ఉన్నాయనుకుందాం. కూడితే 18. 15 నుంచి 17 వరకు ఉంటే 1 నో ట్రంప్ (తురుపు లేని ఆట) అనాలి కనుక దీనికి ఆ బిడ్ చాలదు. 1 డైమనుతో మొదలుపెట్టి, భాగస్వామి 1 ఆఠీను లేదా 1 ఇస్పేటు అన్నాక 2 నో ట్రంప్‌కు ఎగరాలి. ఆ ఎగురుడుకు అర్థం 18 లేదా 19 అని.

ఇప్పుడు ఆ కళావరు 7ను తీసి రాజును పెట్టండి. మొత్తం 21 అవుతుంది, మొదటి బిడ్డే 2 నో ట్రంప్ అవుతుంది. దాని హద్దు 20, 21. కళావరు జాకీని కూడా తీసి రాణిని పెడితే 22. ఇప్పుడు మొదటి బిడ్ 2 కళావరు, భాగస్వామి 2 డైమను అన్నాక రెండో బిడ్ 2 నో ట్రంప్. ఇది 22 నుంచి 24 వరకు చెబుతుంది. 25 నుంచి 27 ఉంటే రెండో బిడ్ 3 నో ట్రంప్. రెండు ముక్కలు మారేసరికి మూడు వేర్వేరు దారులు ఏర్పడ్డాయి. ఒక్క పాయింటుకు అంత పట్టింపా అని అడిగేవారుంటారు. 2 నో ట్రంప్ విన్న భాగస్వామి తన దగ్గరున్న నాలుగు పాయింట్లతో గేమ్‌కు వెళ్లాలా, ఆగిపోవాలా అన్నది ఆ ఒక్క పాయింటు మీదే తేల్చుకుంటారు కాబట్టి పట్టింపు ఉండి తీరాలి.

2 కళావరు ఎప్పుడు చెప్పాలి

ఈ బిడ్‌కూ కళావరు రంగుకూ సంబంధం లేదు. ‘నా చేతిలో చాలా ఉంది, నువ్వు పాస్ అనకూడదు’ అన్నదే దీని భావం. సమంగా పడిన 22, ఆ పైన ఉన్న చేతులతో పాటు, పొడుగాటి రంగుతో గేమ్‌కు ఒక్క పట్టు మాత్రమే తక్కువపడే చేతులకు కూడా దీన్ని వాడతారు. ఇస్పేటు, ఆఠీను రంగులలో గేమ్‌కు పది పట్లు చాలు. కళావరు, డైమను రంగులలో పదకొండు కావాలి. కాబట్టి ఆ రెండు రంగులు పొడుగ్గా ఉన్నప్పుడు మరికాస్త గట్టిగా బిగించుకోవాలి.

కొందరు పట్లు మాత్రమే చూసుకుని పొరబడతారు. ఇస్పేటులో ఆసు నుంచి జాకీ దాకా ఉన్న ఎనిమిది ముక్కలు, మిగతా రంగులలో చిన్నాచితకా ముక్కలు ఉన్న చేతిలో ఎనిమిది పట్లు ఉన్నా పాయింట్లు పదే. దాన్ని 2 కళావరు అంటే, భాగస్వామి మిమ్మల్ని నమ్మి, ఎదుటి జట్టు పైకి పాడినప్పుడు, వాళ్లు ఓడిపోతారన్న సవాలుగా డబుల్ అంటారు. తీరా చూస్తే వాళ్లను ఓడించడానికి మీ దగ్గర ఒక్క పట్టయినా ఖాయంగా ఉండదు. ఆ చేతికి తగినది, నేను అప్పట్లో తప్పుగా వాడిన 4 ఇస్పేటే.

2 కళావరుకు భాగస్వామి ఎక్కువగా 2 డైమను అంటారు. ఇదీ రంగుతో సంబంధం లేని బిడ్డే. మీ కథ చెప్పండి, వింటున్నాను అన్నట్లు. ఆ తరువాత మీరు 2 ఇస్పేటు అన్నారంటే ఇస్పేటు నిజంగా ఉన్నట్లు; అప్పుడు కూడా భాగస్వామి పాస్ అనకూడదు. రెండో బిడ్ 2 నో ట్రంప్ అయినప్పుడు మాత్రం, చేతిలో దాదాపు ఏమీ లేని భాగస్వామికి ఆగిపోయే స్వేచ్ఛ ఉంటుంది.

ఒకటితో మొదలుపెట్టి రెండో బిడ్‌తో బలం చూపండి

పాయింట్లు మెండుగా ఉన్న చాలా చేతులకు సరైన మొదటి బిడ్ మామూలు ఒకటే. కొత్తవారికి మింగుడు పడనిది ఇదే. ఇస్పేటులో ఒంటి 5. ఆఠీనులో ఆసు, రాజు. డైమనులో రాజు, రాణి, జాకీ, 8, 4. కళావరులో ఆసు, రాణి, జాకీ, 9, 3. మొత్తం 20. బిడ్‌లో కింది నుంచి పైకి వరస కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, నో ట్రంప్. దీనికి 2 కళావరు అన్నారంటే, 2 డైమను జవాబు వచ్చాక మీ డైమనులు చెప్పడానికే 3వ మెట్టుకు, కళావరులు చెప్పడానికి 4వ మెట్టుకు ఎక్కాలి. అప్పటికి, తొమ్మిది పట్లకే గేమ్ ఇచ్చే 3 నో ట్రంప్ దాటిపోయి ఉంటుంది. 1 డైమను అంటే, భాగస్వామి 1 ఇస్పేటు అన్నాక 3 కళావరుకు ఎగరవచ్చు. 2 కళావరు చాలే చోట 3 అన్నారంటే 19 లేదా అంతకు పైన ఉన్నట్లు, గేమ్ చేరేదాకా ఇద్దరిలో ఎవరూ ఆగకూడదన్నట్లు.

‘1 డైమను దగ్గరే అందరూ పాస్ అంటేనో?’ అన్న భయం సహజమే. కానీ ఆరు పాయింట్లు కూడా లేక భాగస్వామి పాస్ అంటే గేమ్ సాధారణంగా లేనట్లే. పైగా మీ ఇస్పేటు ఒంటిది గనుక ఆ రంగు పొడుగ్గా పడిన ఎవరో ఒకరు నోరు విప్పకుండా ఉండడం అరుదు.

ఎగరకుండానే బలం చెప్పే మార్గం ఇంకొకటుంది, దాన్ని రివర్స్ అంటారు. ఇస్పేటులో ఒంటి 6, ఆఠీనులో ఆసు, రాజు, 7, 4, డైమనులో ఆసు, రాజు, జాకీ, 9, 5, కళావరులో రాజు, 8, 3, మొత్తం 18. మీరు 1 డైమను, భాగస్వామి 1 ఇస్పేటు అన్నాక మీరు 2 ఆఠీను అన్నారనుకోండి. ఆయనకు ఆఠీను కంటే డైమను నచ్చితే 2వ మెట్టు మీద చెప్పడానికి వీల్లేదు, 3కు వెళ్లక తప్పదు. భాగస్వామిని అంత పైకి తోసినందుకు మీ దగ్గర కనీసం 17 ఉండాలి, మొదట చెప్పిన రంగు రెండోదానికంటే పొడుగ్గా ఉండాలి. 13 పాయింట్లతో ఇదే మాట అని చిక్కుల్లో పడినవారిని ఎంతమందినో చూశాను. రంగులు వరసగా చెప్పుకుంటూ పోవడమే బిడ్డింగ్ అనుకోవడం వల్ల జరిగే పొరపాటు అది.

భాగస్వామి చెప్పిన రంగులో మీకు నాలుగు ముక్కలుంటే పని తేలిక. 1 ఇస్పేటుకు జవాబుగా 16 నుంచి 18 ఉంటే 3 ఇస్పేటు, 19 లేదా ఆ పైన ఉంటే 4 ఇస్పేటు. మీ సొంత రంగే ఆరు ముక్కలై 16 నుంచి 18 ఉంటే, దాన్నే 3వ మెట్టు మీద మళ్లీ చెప్పాలి.

ఎదుటి జట్టు ముందుగా పాడితే

ఎడమ పక్కనో కుడి పక్కనో కూర్చున్నవారు 1 డైమను అన్నాక మీ చేయి చూసుకుంటే ఇస్పేటులో ఆసు, రాజు, జాకీ, 10, 6; ఆఠీనులో ఆసు, రాణి, 5; డైమనులో 7; కళావరులో ఆసు, జాకీ, 8, 4 కనిపించాయి. 19 పాయింట్లు. ఊరికే 1 ఇస్పేటు అంటే పదో పన్నెండో ఉన్న చేయి అనుకుని భాగస్వామి పాస్ అంటారు. ముందు డబుల్ అనండి; ఇక్కడ దాని అర్థం సవాలు కాదు, నీ రంగు చెప్పమని భాగస్వామిని అడగడం. భాగస్వామి ఏ రంగు చెప్పినా, తరువాత ఇస్పేటు చెప్పండి. డబుల్ చెప్పి ఆపైన సొంత రంగు చెప్పడమంటే 17, 18 దాటిన బలం ఉందని.

స్లామ్ వాసన తగిలితే

స్మాల్ స్లామ్‌కు మామూలుగా 500, వల్నరబుల్‌గా (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉంటే 750 బోనస్. గ్రాండ్ స్లామ్‌కు 1000, 1500. మొదట చెప్పిన నా చేతితో దారి ఇలా సాగవలసింది: నేను 2 కళావరు, ఆయన 2 డైమను, నేను 2 ఇస్పేటు, ఆయన 3 ఇస్పేటు. ఇక్కడ ఆయన 4కు ఎగరకుండా 3 దగ్గర ఆగడమే బలానికి గుర్తు. ఇస్పేటు ఉండి ఇంకేమీ లేకపోతే నేరుగా 4 అనేవారు. ఆపైన నేను 4 నో ట్రంప్ అని ఆసులు అడిగితే, ఒకటి ఉందని 5 డైమను జవాబు వస్తుంది, 6 ఇస్పేటు చెప్పి ముగించవచ్చు. 1933లో ఈస్లీ బ్లాక్‌వుడ్ రూపొందించిన ఈ ప్రశ్నకు 5 కళావరు అంటే ఒక్క ఆసూ లేదు లేదా నాలుగూ ఉన్నాయి, 5 డైమను అంటే ఒకటి, 5 ఆఠీను అంటే రెండు, 5 ఇస్పేటు అంటే మూడు. నేడు చాలామంది తురుపు రాజును కూడా ఐదో ఆసుగా లెక్కించే రకాన్ని వాడుతున్నారు.

ఏదైనా రంగులో మీకు ఒక్క ముక్కా లేనప్పుడు ఈ ప్రశ్న అడగకండి. ఒక ఆసు ఉందని తెలిసినా, అది మీకు అవసరం లేని ఆ రంగులోదో, కావలసిన రంగులోదో తెలియదు. అలాంటప్పుడు 4వ మెట్టు మీద ఒక్కో రంగులో మీకున్న ఆసును చూపుతూ పోవడం మేలు. తురుపు కళావరు అయినప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మీ దగ్గర ఒకే ఆసు ఉండి, భాగస్వామి 5 డైమను అన్నారంటే రెండు ఆసులు ఎదుటివారి దగ్గర ఉన్నట్లు. కానీ ఆగడానికి మీకు కావలసిన 5 కళావరు అప్పటికే దాటిపోయింది.